పాలివ్వనివాళ్ళకి ఫ్యానెందుకు?

చూలు కట్టడానికి మూడోసారి సూది వేయించినా పెయ్యకి నిలవలేదని తేలిన రోజున, పాలవ్యాపారి పశువుల బేరగాడికి కబురు పెట్టాడు. సాయంత్రం వచ్చి తోలుకుపోతానన్నాడు బేరగాడు. చూలు కట్టని పెయ్యని అతను కొనేది మేపడానికి కాదని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

పొద్దుటి నుంచీ పాలవ్యాపారి కొట్టంవైపు వెళ్ళలేదు. ఆ పెయ్యకి ముద్దుపేరు దొరసాని. మేత వేసినవాణ్ణి ఎగాదిగా ఓసారి చూశాక గానీ మూతి పెట్టదు. ఆ చూపు తనని ఏదో నిలదీస్తున్నట్టుండేది అతనికి. పశువుకి నిలదీయడానికి ఏముంటుందని సర్దిచెప్పుకునేవాడు. అంత సర్దిచెప్పుకోవలసిన అవసరం నీకేమిటని లోపలినుంచి ఇంకో గొంతు అడిగేది.

భార్యకి ఆశ చావలేదు. పశువుల డాక్టరమ్మని పిలిపించింది. ఆవిడ భుజం దాకా తొడుగు వేసుకుని పరీక్ష చేసి, "గర్భసంచిలో లోపమేం లేదు. ఇది తల్లి కడుపులో ఉన్నది ఎండాకాలమా?" అంది.

"ఎండాకాలమా! ఎండలు నిప్పులు చెరిగాయమ్మా," అంది భార్య.

"అప్పుడు వట్టిపోయిన తల్లావుని ఎక్కడ కట్టేవాళ్ళు?"

"వెనకాల, రేకుల కింద," అన్నాడతను.

"ఫ్యాన్ ఉందా?"

అతను గోడవైపు చూశాడు.

"ఉండేది," అంది భార్య. "ఆవు పాలు ఆపిన రోజే ఈయన దాన్ని విప్పుకెళ్ళి ముందుగదిలో తన మంచం పక్కన బిగించుకున్నారు. పాలివ్వని దానికి ఫ్యానెందుకే అన్నారు."

"పాలివ్వకపోతేనేం, లోపల దూడ ఎదిగేది అప్పుడేగా," అంది డాక్టరమ్మ. "ఈనే ముందు నెలల్లో తల్లి ఉడికిపోతే ఆ దెబ్బ దూడకీ తగులుతుంది. పెద్దయ్యాక చూలు కట్టడం కష్టం కావచ్చు. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. ఇంకోసారి ఎదకి వచ్చేదాకా ఆగి చూడండి."

"విన్నారా?" భార్య అతనివైపు తిరిగింది. "పాలివ్వనివాళ్ళకి ఫ్యానెందుకన్నారే, మరి తమరు పూటకి ఎన్ని లీటర్లిస్తారండీ?"

డాక్టరమ్మ తొడుగు విప్పుకునే నెపంతో అటు తిరిగింది. ఆవిడ భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

సాయంత్రం బేరగాడు తాడుతో దిగాడు.

"అమ్మట్లేదు," అన్నాడతను.

"ఏంటన్నా, గొడ్డుమోతుదాన్ని కూర్చోబెట్టి మేపుతావా?"

తప్పు నాది అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే చతికిలబడింది.

"మా ఇంటావిడ ఒప్పుకోవట్లేదు."

"అలా చెప్పు! మా ఇంట్లోనూ అదే గతి," అంటూ బేరగాడు జాలిగా తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

దొరసాని తల్లి మళ్ళీ చూలుతో, మళ్ళీ వట్టిపోయి, అవే రేకుల కింద రొప్పుతోంది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే అతను ఫ్యాన్ విప్పి తెచ్చి కొట్టంలో బిగించాడు. మధ్యాహ్నం ముందుగదిలో నడుం వాలిస్తే పరుపు పెనంలా కాలింది. పొర్లి పొర్లి, చివరికి చాప చంకన పెట్టుకుని కొట్టానికి వెళ్ళాడు. ఫ్యాన్ ఎదుట ఆవు, ఆవు పక్కన దొరసాని, ఆ పక్కన మంచం వాల్చుకుని భార్య.

"కాస్త జరగవే."

"లీటర్ల లెక్క తేలాక రండి," అంది ఆమె కళ్ళు తెరవకుండానే.

దొరసాని అతన్ని ఎగాదిగా చూసింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు. గాలి అందని మూలలో చాప పరుచుకున్నాడు. ఒళ్ళంతా చెమట. అయినా చాలా రోజుల తర్వాత నిద్ర మాత్రం బాగా పట్టింది.