పావుగంట కాపలా

1999 వేసవి. చౌటుప్పల్ దాటాక హైవే పక్కనే మా మందుల ఫ్యాక్టరీ. ఆఫీసు మొత్తానికి ఒక్క మెయిల్ సర్వర్, ఒక్క టెలిఫోన్ లైను. ఆ లైనంతా మెయిళ్లకే సరిపోయేది, ఫోన్ చేసినవాళ్లకు ఎప్పుడూ ఎంగేజే. పనీపాటా లేని మహానుభావులు కూడా మెయిల్ వచ్చిందా అని క్షణానికోసారి నొక్కి చూసేవారు. సర్వర్ పాపం మాటిమాటికీ చతికిలబడేది.

దాన్ని చూసుకునే నూరుద్దీన్ ఒళ్లు మండి ఓ నియమం పెట్టాడు. ఒకసారి చూసుకున్నాక పావుగంట దాకా మళ్లీ చూడకూడదు. చూస్తే తెర మీద 'ఆగండి' అని వస్తుంది. నాకు తెగ నచ్చింది, హలీమా సంగతి తెలిసేదాకా.

హలీమా నా పక్క సీటు టైపిస్టు. భర్త బషీర్ దుబాయ్‌లో ఉంటాడు. ఎనిమిది నెలల కూతుర్ని ఇంకా కళ్లారా చూడలేదు. సెలవు దొరికితే ఏ విమానంలో వచ్చేదీ మెయిల్‌లో రాస్తానన్నాడు. ఆ రోజు ఆఫీసు తెరవగానే చూసింది, రాలేదు. ఇక అప్పటినుంచి నొక్కుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఎన్నిసార్లు నొక్కినా 'ఆగండి'.

మూడింటికి నా ఓపిక చచ్చిపోయింది. నూరుద్దీన్‌ను పిలిచి దులిపేశాను.

"ఏందయ్యా నీ రూలు? పిల్ల పొద్దటి సంది ఆగుతనే ఉంది గదా!"

"ఆగుతలేదు సుగుణక్కా," అన్నాడు మెల్లగా. "మధ్యల నొక్కితే పావుగంట మళ్ల మొదటి నుంచి షురూ అయితది. ఊకె నొక్కెటోళ్లకు బుద్ధి రావాల్నని గట్ల పెట్టిన. ఇప్పుడు తీసేయాల్నంటే సర్వరంతా బంద్ చెయ్యాలె."

అన్నం ఉడికిందా అని మాటిమాటికీ మూత తీస్తే ఎప్పటికి ఉడకాలి? హలీమాను లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆమె చేయి మీటల మీదికి వచ్చినప్పుడల్లా ఒక్కటిచ్చాను. "జర సబర్ చెయ్ బిడ్డా," అంటూ నూరుద్దీన్ చేత చాయ్ తెప్పించి తాగించాను. తప్పు అతనిదే కాబట్టి చాయ్ కూడా అతనిదే.

పావుగంట నిండింది. నేను లేచాను. హలీమా నొక్కింది. మెయిల్ తెరుచుకుంది.

"సెలవు దొరికింది. రేపు పన్నెండుకు హైదరాబాద్‌ల దిగుత. బిడ్డను తీస్కొని రా, అక్కడ్నే చూస్త."

రాసింది నిన్న రాత్రి. మా సర్వర్‌కు చేరింది పొద్దున పదింటికి.

"దిగి ఎంతసేపాయె అక్కా! ఎవ్వరు రాలేదనుకుంటుండొచ్చు," అంటూ హలీమా ఏడ్చేసింది. నూరుద్దీన్ రేపే ఆ నియమం తీసేస్తానని గొణిగాడు.

అంతలో వాచ్‌మన్ గుర్వయ్య తొంగిచూశాడు. "హలీమమ్మా, గేటుకాడ పెద్ద సూట్‌కేసు వట్టుకొని ఒకాయన బస్సు దిగిండు. నీ పేరే చెప్తాండు."

హలీమా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకాల మేమందరం.

బషీర్ చెమటతో తడిసి ఉన్నాడు. మొహం నిండా అలక. "ఎంతసేపు చూసిన! ఫోన్ చేస్తే ఎంగేజ్. మెయిల్ ఒక్కపారన్న చూడలేదా?"

హలీమా అతని చేతిలోని సూట్‌కేసు లాక్కుంది. ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి ఆ పిల్లకు.

"పొద్దటి సంది గదే చూస్తున్న."