వాకిలి తప్పిన మంచుబండి

డ్రైవర్ల చేతి తొడుగులు హీటరు మీద ఆరేస్తుంటే మామగారు విసురుగా లోపలికొచ్చి, "గస్‌ని పనిలోంచి తీసేశాను" అన్నారు.

"అయ్యయ్యో, ఎందుకు మామయ్యా?"

"ముసలాడికి కళ్ళు కనబడ్డంలేదు. లిండ్‌క్విస్టు వాళ్ళ వాకిట్లో మంచు ఎత్తమంటే, పక్కింటి వాకిలి అద్దంలా ఊడ్చి, ఆ మంచంతా తీసుకెళ్ళి లిండ్‌క్విస్టు వాళ్ళ కారు ముందు కుప్ప పోశాడు. ఆ ఇంటావిడ ఫోన్లో నన్ను కడిగేసింది!"

గస్ మామగారికంటే చిన్నవాడు. ఆ మాట అనే సమయం కాదని ఊరుకున్నాను.

అమెరికాలో ఉత్తరాన డులూత్ ఊళ్ళో మంచు ఎత్తే కంపెనీ మాది. మామగారు పెట్టారు, నా భర్త కర్ట్ నడిపాడు. మంచు కాలం మొదట్లోనే కర్ట్ వెన్నుకి ఆపరేషన్ అయింది. సోఫాలో పడుకుని, "ఈ ఒక్క చలికాలం ఫోన్లెత్తు మార్లా, చాలు. తర్వాత నీకీ బాధ ఉండదు" అన్నాడు. బాధట! పిల్లాడికి పాలిస్తూ ఇంటినుంచి ఎన్నేళ్ళు ఎత్తలేదు ఈ ఫోన్లు? డ్రైవర్ల చినిగిన కోట్లు ఎవరు కుట్టారు? "ఊరికే కూర్చోలేక మా కోడలు ఏదో సాయం చేస్తుంటుందిలెండి" అని మామగారు చర్చిలో నలుగురికీ చెబుతుంటే పక్కనే నవ్వుతూ నిలబడేదాన్ని. ఇప్పుడు ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, నాకది ఎంత ఇష్టమో. అరువుగా కాదు, నాదిగా కావాలి. కానీ రేపు సరస్సు మీదినుంచి పెద్ద మంచు వస్తుందంటున్నారు. ఆస్పత్రి ఆవరణంతా తెల్లారేసరికి ఊడ్చి పెట్టడం గస్‌కి తప్ప ఎవరికీ చేతకాదు. అతను పోతే ఆ పని పోతుంది, దాంతోపాటు నా కుర్చీ కూడా. "ఆడదాని చేతికిస్తే ఇంతే" అన్న మాట మాత్రం మిగులుతుంది.

పార తీసుకుని లిండ్‌క్విస్టు వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడకి క్షమాపణ చెప్పి, కారు బయటికి తీసేంత దారి చేసి, నడుం ఎత్తి చూద్దును కదా, పక్కింటి వాకిలికి అటూ ఇటూ మా నారింజరంగు గుర్తు కర్రలు! నేల గడ్డకట్టకముందే పాతుతాం వాటిని. మంచు పడ్డాక ఏ ఇల్లయినా ఒకటే తెలుపు, డ్రైవరు ఆ కర్రల్నే నమ్ముకుని పోతాడు. గస్ తప్పేం లేదు. ఈ ఏడు కర్రలు పాతింది ఎవరనుకున్నారు? "మీకెవరికీ చేతకాదు, జరగండి" అంటూ స్వయంగా మా మామగారే. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

అక్కడినుంచే మామగారికి ఫోన్ చేసి ఆ మాట అనేయొచ్చు. కానీ మా అబ్బాయి నెల్స్ గుర్తొచ్చాడు. వాడు దీపం పగలగొట్టినరోజు అక్క ముందే నిలదీశాను. పిల్లి పగలగొట్టిందన్నాడు. మాకు పిల్లి లేదు. అయినా ఆ మాటమీదే ఉన్నాడు వెధవ. ఆ తర్వాత బడినుంచి తెస్తుంటే, కారు వెనక సీట్లోంచి తనే, "అమ్మా, నేనే" అన్నాడు. నా కళ్ళు రోడ్డుమీద ఉన్నాయి కాబట్టి అనగలిగాడు. ఆ రోజునుంచీ మా ఇంట్లో గొడవలన్నీ కార్లోనే తేలతాయి. దాన్ని చదువని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

గస్‌కి ఫోన్ చేశాను. "ఒక్క గంట రావాలి."

"నన్ను తీసేశారుగా!"

"తీసేసింది మామయ్య. ఎవరికి ఏ బండో చెప్పేది నేను. నేను తియ్యలేదు."

మామగారితో, లిండ్‌క్విస్టు ఆవిడ మీ మొహం చూస్తే చల్లబడుతుందన్నాను. ఇద్దర్నీ ముందు సీట్లోనే ఇరికించి, బండి నేనే నడిపాను. మామగారు కిటికీలోంచి బయటికి చూశారు, గస్ తన మోకాళ్ళు చూసుకున్నాడు. మలుపు తిరగ్గానే కర్రలు కనబడ్డాయి. నేను బండి ఆపి, ముందున్న అద్దం తుడుస్తూ కూర్చున్నాను. ఎవరివైపూ చూడలేదు.

చాలాసేపటికి మామగారు దగ్గారు. "ఆ కర్రలు... పాతింది నేనే."

"తెలుసు" అన్నాడు గస్.

"తెలిస్తే పొద్దున చెప్పి ఏడవొచ్చుగా!"

"నువ్వు నోరు మూస్తేగా, నేను తెరవడానికి!"

నవ్వాపుకోలేక నేను కిందికి దిగిపోయాను. వాళ్ళిద్దరూ కర్రలు పీకి, లిండ్‌క్విస్టు వాళ్ళ వాకిట్లో గడ్డకట్టిన నేలకి డ్రిల్లుతో కన్నాలు పెట్టి, ఒకరు కర్ర పట్టుకుంటే ఒకరు పాతారు, అది వంకరంటే ఇది వంకరని పోట్లాడుకుంటూ. అనుకున్న మంచు పడింది, తెల్లారేసరికి గస్ ఆస్పత్రి ఆవరణంతా ఊడ్చి పెట్టాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు కర్ట్‌తో ముచ్చటగా అన్నారు, "నీ పెళ్ళానిది తల్లి మనసురా. ఆ నేర్పు పుట్టుకతో వచ్చేస్తుంది ఈ ఆడవాళ్ళకి."

తిట్టినా నాకంత మండేది కాదు. సూపు గరిటె గిన్నెలో పెట్టేసి అన్నాను, "పుట్టుకతో ఏం రాలేదు మామయ్యా. మన పెద్దది బ్రిట్టా పుట్టినప్పుడు అదెందుకు ఏడుస్తోందో తెలీక, దాంతోపాటు నేనూ కూర్చుని ఏడ్చాను. తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. అది మనసు కాదు, పని."

మామగారు రొట్టె పళ్ళెం నావైపు జరిపారు.

ఆ చలికాలం ఇంకా అవకుండానే డాక్టరు కర్ట్‌ని పనిలోకి వెళ్ళొచ్చన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకొచ్చాడు. నా భుజాలు పట్టుకుని, "పాపం, చాలా కష్టపడ్డావు మార్లా. ఇక నువ్వు ఇంటికెళ్ళి హాయిగా ఉండు, నేను చూసుకుంటాను" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పిచ్చి మనిషి. అయినా నేను కుర్చీలోంచి లేవలేదు.

కర్ట్ అయోమయంగా తండ్రివైపు చూశాడు.

"నన్ను చూస్తావేంరా? ఆవిణ్ణడుగు" అన్నారు మామగారు కాఫీ తాగుతూ.

"పనిలోకి తర్వాత వద్దువుగాని కర్ట్," అన్నాను, కూర్చునే అతని చొక్కా చేతి గుండీ పెడుతూ. "ముందు ఈ చలికాలం గడిచేదాకా ఇంట్లో పిల్లల్నిద్దర్నీ చూసుకో. నేను ఈ పని నేర్చుకుంది అక్కడే."