ఒక్క గడి తేడా

తివాచీల కర్మాగారంలో గ్రాఫు కాగితంపై నమూనాలు గీసే అక్కకు ఆ ఉదయం కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆమె గీసిన పెద్ద తివాచీ నమూనాకు యజమాని సంతకం పెడితే నమూనాల విభాగానికి ఆమే పెద్ద. ఆ కుర్చీ కోసం ఆరేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

భయమల్లా పక్క బల్ల దగ్గర ఊలు ఉండలను రంగులవారీగా పేరుస్తున్న చెల్లెలి గురించే. చెల్లెలికి ఆటిజం. మనం బొమ్మ మొత్తం చూసి బాగుందనేసి పోతాం. ఆమె గడిగడీ చూస్తుంది, చూసింది చూసినట్టు మొహం మీదే అనేస్తుంది. అలా ఎంతమంది చుట్టాలను దూరం చేసిందో లెక్కలేదు.

"ఆయన వెళ్ళేదాకా నోరు విప్పకు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని అక్క పొద్దున్నే బతిమాలింది.

యజమాని వచ్చి కాగితం చూసి తల ఊపాడు. సంతకానికి కలం తీస్తూ ఊరికే చెల్లెలిని పలకరించాడు.

"ఏమ్మా, ఎలా ఉంది మీ అక్క గీసింది?"

"తప్పుంది. కింద చివర ఆకు ఒక గడి పక్కకు జరిగింది. కాగితం మీదున్నది సగం బొమ్మే. దాన్నే తలకిందులుగా పెట్టి రెండో సగం నేస్తే అక్కడ తీగ కలవదు."

యజమాని వెంట వచ్చిన మగ్గం మేస్త్రీ వేలు పెట్టి గడులు లెక్కపెట్టాడు. నిజమే.

"నేసేసుంటే నాలుగు నెలల పని విప్పుకోవాల్సొచ్చేదండీ" అన్నాడు.

యజమాని కలం జేబులో పెట్టేసుకున్నాడు. "మిగతావాటిలో ఇంకెన్ని తప్పులున్నాయో!" అని విసుక్కున్నాడు.

అదీ తననే అడిగాడనుకుంది చెల్లెలు. "లేవు. అక్క గీసినవి రెండువందల పద్నాలుగు. అన్నీ చూశాను. తప్పు ఇదొక్కటే."

ఆ మాటలో మెరమెచ్చు లేదు కాబట్టే ఎవరూ కాదనలేకపోయారు. యజమాని కాగితాన్ని అక్క చేతికి తిరిగిచ్చాడు.

"దిద్ది రేపు తీసుకురామ్మా, సంతకం పెడతాను. కానీ ముందు మీ చెల్లి చూడాలి."

ఆయన వెళ్ళాక అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ముందే చూశావుగా, నాకెందుకు చెప్పలేదే?"

"నోరు విప్పొద్దన్నావు. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలనీ నువ్వే అన్నావు. ఆయన అడిగాడు."

చిన్నప్పటి నుంచీ ఆ నోరు మూయించడానికి తాను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి అక్కకు సిగ్గేసింది. తను గీసిన ప్రతి గడినీ చూసిన మనిషి లోకంలో ఇంకెవరున్నారు!

"ఇకనుంచి నేనడక్కపోయినా చెప్పు."

"అయితే పొద్దుటి నుంచీ నీ పని కోటు గుండీలు ఒక కాజా తప్పాయి."

అక్క కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వి, గుండీలన్నీ విప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది.