సోమవారం తెరుచుకున్న తుపాకీ

ఆదివారం పొద్దు వాలేలోగా మరియెట్ తన పాత తుపాకులన్నీ తుడిచి, నూనె పట్టించి, సుత్తులు సగం పైకెత్తి గోడకు చేర్చేస్తుంది. మర్నాడు అవి ఎవరి మాటా వినవు మరి.

వెనక నుంచి తూటా పెట్టే తొలి తుపాకులను లియేజ్ ఊళ్లో ఇళ్లలోనే చేసేవారు. ఒక ఇంట్లో గొట్టం, ఇంకో ఇంట్లో తూటాను పేల్చే సుత్తి, వేరొక ఇంట్లో తూటా వెనక పడే మూత. వీపున బుట్ట కట్టుకున్న ఆడవాళ్లు ఆ ముక్కల్ని ఇల్లిల్లూ మోసేవారు. సోమవారం మాత్రం పనివాళ్లకు సెలవు, పొద్దున్నుంచే తాగుడు. తర్వాత యంత్రాల కార్ఖానాలు వచ్చి ఆ సెలవు ఎత్తేశాయి గానీ, చేత్తో చేసిన తుపాకులు ఇప్పటికీ దాన్ని పాటిస్తూనే ఉన్నాయి. సోమవారం వాటిలో ఏ ముక్కా కదలదు. కార్ఖానా సరుకైతే శుభ్రంగా తెరుచుకుంటుంది. అందుకే పాత తుపాకులు సేకరించేవాళ్ల సంఘం సోమవారమే కూడుతుంది. అంతకన్నా తేలికైన పరీక్ష ఏముంది?

సంఘంలో ఏది అసలో ఏది నకిలీయో తేల్చే గుస్తావ్‌కు చూపు మందగించింది. తన భూతద్దం ఎవరికి అప్పగించాలో ఆ సోమవారం తేల్చేస్తానన్నాడు. మరియెట్, ఫిర్మాన్ ఇద్దరూ దానికోసం ఏళ్లుగా కాచుకుని ఉన్నారు. మరియెట్ ఈమధ్యే కొన్న తుపాకీ బల్ల మీదుంది.

"ఇది ఇంట్లో చేసిందే బాబాయ్," అంది మరియెట్ గుస్తావ్‌తో ధీమాగా. "మూత మీద నత్త ముద్ర చూడు, మా ఇంటిదే. మా ముత్తవ్వ కాత్రీన్ ఆకురాయి పట్టి అరగదీసిన మూత ఇది."

"మీ ముత్తవ్వ తుపాకీ కర్రపిడికి నూనె రాసుంటుందిలే," అన్నాడు ఫిర్మాన్, గ్లాసులో పెకె సారా ఒంపుకుంటూ. "అయినా మాటలెందుకు? తెరిచి చూడు."

మరియెట్ బొటనవేలు ఆనించింది. మూత హాయిగా పైకి లేచింది.

అందరూ గొల్లున నవ్వారు. "కార్ఖానా సరుకే!" అని ఫిర్మాన్ బల్ల చరిచాడు. గుస్తావ్ నిట్టూర్చి, ఫిర్మాన్‌కి ఇచ్చేద్దామని మెడలోని భూతద్దం తీయబోయాడు. కానీ ఆ నత్త అబద్ధం చెప్పదని మరియెట్‌కు తెలుసు.

"ఆగు బాబాయ్. ఫిర్మాన్, ఆ సుత్తిని పూర్తిగా వెనక్కి లాగు చూద్దాం."

ఫిర్మాన్ లాగాడు. రెండు చేతులతో లాగాడు. మొహం కందిపోయింది గానీ సుత్తి కదల్లేదు.

"సుత్తి సెలవులో ఉంది, మూత పనిలో ఉంది," అంది మరియెట్. "కార్ఖానాదైతే రెండూ కదలాలి కదా? సోమవారం మగాళ్లు తాగుతుంటే ఇంట్లో ఆకురాయి ఎవరి చేతిలో ఉండేది? నువ్వే చెప్పు."

గుస్తావ్ తన గ్లాసులోకి చూస్తూ, "మా నాయనమ్మకి సోమవారమే పని ఎక్కువ," అన్నాడు. "తాత తాగొచ్చేసరికి ఆయన వాటా కూడా అయిపోవాలి." లేచి, భూతద్దం తీసి మరియెట్ మెడలో వేశాడు.

ఫిర్మాన్ చిన్నబోయినా పెద్దమనసుతో ఆమెకూ ఓ గ్లాసు నింపాడు. మరియెట్ మాత్రం ఇంకా తెరిచే ఉన్న మూత వంకే చూస్తోంది. అంత ఆనందంలోనూ ఆమెకు ఏడుపొచ్చింది. తుపాకీ మీద చెయ్యేసి, "ఇవాళ సోమవారం ముత్తవ్వా, ఇక చాలు," అంది. మూత దించి, పక్కన ఓ గ్లాసు పెట్టింది.

పోయేముందు గుస్తావ్ ఆ మూతను మరోసారి తెరవబోయాడు. అది రాలేదు.