మనిషి లోపల ఉండగా

గోతులు తవ్వే ఇంటికి కోడలిగా వచ్చినదానికి ముందు రావలసింది వంట కాదు, మాట. నేలలో ఉన్న ప్రతి ఖాళీకీ మా అత్తగారి దగ్గర ఒక పేరుంది. మోకాటి లోతుంటే గుంట. నడుము దాటితే గొయ్యి. మనిషి మునిగితే నుయ్యి. పొడుగ్గా తవ్వితే కందకం, అడ్డంగా తొలిస్తే సొరంగం, ఎలుక తవ్వుకుంటే కలుగు. ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టామా, ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. "గొయ్యిని పట్టుకుని గుంటంటావేంటే, కళ్లు నెత్తికెక్కాయా?" అని నన్ను ఎన్నిసార్లు కడిగేసిందో లెక్క లేదు.

కానీ మనిషి లోపలికి దిగాడంటే ఈ పేర్లన్నీ గాలికి పోతాయి. ఎంత లోతైనా గుంటే. ఎంత మట్టి పడినా "కాస్త రాలింది" అనాలి. ఉన్న లోతు పేరు పెట్టి పిలిస్తే నేల ఆ పేరుకి తగ్గట్టు నోరు తెరుస్తుందట. మా మామగారు నుయ్యి తవ్వుతుండగా మట్టి కూలి అందులోనే పోయారు. ఆ రోజు గట్టు మీద నిలబడి "అమ్మో, ఎంత లోతు నుయ్యో!" అన్నది మా అత్తగారే. అప్పట్నుంచీ ఇంట్లో ఈ కట్టడి. నాకిలాంటివి గిట్టవు. పెళ్లైన కొత్తలో మా ఆయన గోతిలోంచి ఏదో వేళాకోళమాడితే "నీ బొంద" అనేశాను. లోకంలో అందరూ అనే మాటే. బొందంటే శవాన్ని పూడ్చే గొయ్యని ఎవరు తలుచుకుంటారు? అత్తగారు ఆయన్ని అప్పటికప్పుడు పైకి రప్పించి ఆ రోజుకి పని మాన్పించేసింది. నన్ను ఇంకేం తిట్టినా పడేదాన్ని గానీ, ఆవిడ అసలు మాట్లాడనే లేదు.

ఈసారి పని ఒక లాండ్రీ వెనక పెరట్లో. నేల అడుగున పాత మురుగు గొట్టం ఎక్కడో పగిలి గోడలు చెమ్మెక్కుతున్నాయి. లాండ్రీ యజమాని పొద్దుట్నుంచీ "అయిందా? అయిందా?" అంటూ అక్కడక్కడే తచ్చాడుతుంటే ఆయనకి గోతికాడ నక్క అని పేరు పెట్టాను. మధ్యాహ్నానికి మా ఆయన రెండు నిలువుల లోతుకి దిగాడు. మట్టి కూలకుండా పక్కలకి బిగించే చెక్కలు పై సగానికే బిగించాం. కింది సగం తర్వాత చూద్దాం, ముందు గొట్టం కనబడనీ అన్నాడాయన. నేను పైనుంచి మట్టిబుట్ట లాగుతున్నాను, అత్తగారు అందుకుని పారబోస్తోంది.

బుట్ట సగం దూరం వచ్చిందో లేదో, కింద తడిబట్టల మూట జారిపడ్డట్టు చప్పుడైంది. వంగి చూశాను. చీకట్లో ఆయన తల ఒక్కటే కనిపించింది.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు. కాస్త రాలింది. మోకాలి దాకానే."

"అయితే కాళ్లు లాక్కో!"

"లాక్కుంటాలే. తొందరేంటి?"

తొందరేంటి అనే మనిషి కాదు మా ఆయన. ఈలోగా అత్తగారు యజమాని చేత ఫైర్ స్టేషన్‌కి ఫోన్ కలిపించుకుంది. "మావాడు గుంటలో ఉన్నాడు తల్లీ, కాస్త మట్టి పడింది," అంది.

"ఎంత లోతమ్మా? మట్టి ఎందాకా వచ్చింది?" అవతలి అమ్మాయి గొంతు నాకూ వినబడుతోంది.

"చిన్న గుంటే. మోకాలి దాకానే."

"అయితే పక్కవాళ్ల సాయంతో బయటికి తీయండి. మా బండ్లు వేరే మంటల దగ్గరున్నాయి. కుదరకపోతే మళ్లీ చేయండి."

నాకు ఒళ్లు తెలియలేదు. "అత్తయ్యా, అది గుంటా? మీ కళ్లకది గుంటలా కనబడుతోందా?" అని అరిచాను. ఆవిడ వచ్చి నా నోరు మూసింది. "ఊరుకోవే, లోపల వాడున్నాడు," అంది. అదీ కిందికి వినబడకుండా, నా చెవిలో. మొండితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు, ప్రాణభయం.

ఇస్త్రీవాళ్లు పనులొదిలి పరిగెత్తుకొచ్చారు. మోకాలి దాకానే కదా, తాడేసి తలా ఒక చెయ్యి వేస్తే వచ్చేస్తాడన్నాడు యజమాని. తాడు వదిలాను. చంకల కిందనుంచి కట్టుకోమన్నాను.

కింద మట్టి గీరుతున్న చప్పుడు వినబడింది. తర్వాత, "ఒక చెయ్యే వస్తోంది," అన్నాడు.

మోకాలి దాకా మట్టి పడితే చెయ్యెందుకు రాదు? నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. పైన అందరూ తాడు పట్టుకుని "లాగండి!" అంటుంటే, ఆవిడ ఒక్క ఉదుటున వచ్చి వాళ్ల చేతుల్లోంచి తాడు లాగి పారేసింది. ఫోన్ మళ్లీ చేయించింది.

"వింటున్నావా తల్లీ? అది గుంట కాదు, నుయ్యీ కాదు. బొంద! నా కొడుకు బొందలో ఉన్నాడు. రెండు నిలువుల లోతు. మట్టి ఎందాకా వచ్చిందో వాడు నిజం చెప్పట్లేదు. నాకు భయంగా ఉంది. రండి తల్లీ, తొందరగా రండి."

కిందనుంచి మా ఆయన గొంతు వచ్చింది, చిన్నపిల్లాడి గొంతులా.

"అమ్మా. గుండెల దాకా వచ్చిందమ్మా. ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తోంది."

అవతలి అమ్మాయికీ ఆ మాట వినబడింది. "ఎవ్వరూ లాగొద్దు! అంచు దగ్గర నిలబడొద్దు! బండి పంపిస్తున్నాను," అంది. అప్పుడు అర్థమైంది, మేము లాగి ఉంటే మట్టిలో బిగుసుకున్న ఒళ్లు విరిగేదని, అంచు మీద మా బరువుకి మిగతాది కూలేదని. అందరం పాక్కుంటూ వెనక్కొచ్చాం. యజమాని బండికి దారి చూపించడానికి వీధిలోకి పరిగెత్తాడు. పాపం, అంత వేగంగా పరిగెడతాడని నేననుకోలేదు.

ఫైరువాళ్లు వచ్చి ముందు చెక్కలు దింపారు. తర్వాత ఒకతను దిగి చేతులతో, చిన్న డబ్బాతో మట్టి తోడాడు. అత్తగారిని దూరంగా కూర్చోబెట్టారు. ఆవిడ అక్కడినుంచే అరుస్తూ ఉంది.

"ఇప్పుడెందాకా ఉందిరా?"

"పొట్ట దాకా."

"నిజమేనా?"

"నిజమేనమ్మా."

ఎండ పోయేవేళకి ఆయన్ని పైకి తీశారు. ఒళ్లంతా బురద, ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర మెలికలు తిరిగిపోతున్నాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే అత్తగారు వెళ్లి చెంప మీద ఒక్కటిచ్చింది.

"మోకాలి దాకానా? గుండెల మీదికొస్తే మోకాలి దాకా అంటావురా?"

రెండోసారి చెయ్యెత్తింది. ఫైరతను అడ్డం రాబోయాడు.

"నువ్వే కదమ్మా నేర్పావు," అన్నాడు మా ఆయన. నిష్ఠూరంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు.

చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంకెప్పుడైనా అయితే నేనొక మాట కలిపేదాన్నే.

"అవును," అంది ఆవిడ. "నేనే నేర్పాను."

ఆ చేత్తోనే ఆయన మొహం మీది బురద తుడిచింది. "ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో చెప్పు నాన్నా. ఎంతుంటే అంత చెప్పు," అంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అందులో సగం కూడా వినలేక నేను ఏడుస్తూ అటు తిరిగాను. ఆవిడ మాత్రం చివరిదాకా విన్నది.