లారీలో రెండో గొంతు

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అక్క ఒకటికి నాలుగుసార్లు కొలిచే మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అద్దాన్ని పక్కన పడేసి మళ్లీ మొదలుపెడుతుంది. అలాంటి మనిషి చేతిలోనే ఆ తప్పు జరిగింది.

ఆమెకి నలభై నాలుగు, తమ్ముడికి నలభై. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఈ వయసులో వీడియో గేములేమిటని ఇంటిల్లిపాదీ నవ్వినా, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఊరికి ఈ చివర ఆమె, ఆ చివర వాడు హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చునేవారు. కొండదారుల్లో లారీ నడిపే గేమ్ అది. ఆమె తెర మీద స్టీరింగు, వాడి తెర మీద మ్యాపు. వాడు దారి చెప్పాలి, ఆమె బండి తిప్పాలి. షాపులో కుడికంటి అద్దాన్ని ఏనాడూ ఎడమకి బిగించని మనిషికి స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం దిక్కులు తెలిసేవి కావు.

"ఎడమకి అక్కా. అది కాదు, వాచీ పెట్టుకునే చెయ్యి."

"వాచీ ఇవాళ పెట్టుకోలేదురా."

"అయితే లోయలోకే పోనీ. అక్కడ ట్రాఫిక్ ఉండదు."

ఆ ఆటని ఆమె తన కన్సోల్‌లో రికార్డు చేసి, ముక్కలు కోసి, ఇంటర్నెట్‌లో తన ఛానల్‌లో పెట్టేది. చూసేవాళ్లు అరవైమందికి మించరు. మాటలన్నీ తీసేసి ఏదో వాయిద్యం కలిపేది. అది వాడు పెట్టిన షరతు. "నా గొంతు ఎవడిక్కావాలి? తుప్పు పట్టిన గేటులా ఉంటుంది," అనేవాడు. వీడియో పెట్టగానే, చోటు చాలదని అసలు రికార్డింగు చెరిపేసేది.

ఆ తరువాత వాడి గొంతులో రాచపుండు బయటపడింది. ప్రాణానికి భయం లేదు గానీ స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెప్పింది. ఇప్పుడున్న గొంతు ఇక ఉండదని కూడా చెప్పింది.

"పాపకి మూడేళ్లేగా," అన్నాడు తమ్ముడు. "నా గొంతు దానికి గుర్తుండదు. ఈసారి మాటలతో సహా దాచక్కా. పెద్దయ్యాక చూసుకుంటుంది."

ఫోన్ ఎదురుగా పెట్టి మాట్లాడమంటే వాడికి నోరు పెగల్లేదు. "బాగా చదువుకో అమ్మా," అని ఆపి, అదీ చెరిపించేశాడు. మ్యాపు ముందుంటే మాత్రం వాడి నోటికి అడ్డూ అదుపూ ఉండవు. అందుకని ఆమె షాపుకి సెలవు పెట్టింది. ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజుల్లో పదకొండు గంటలు ఆడారు. దారి పొడుగునా వాడు పాపకి కబుర్లు చెప్పాడు. తన చిన్నప్పటి దెబ్బలు, మొదటిసారి లిఫ్టులో ఇరుక్కున్న సంగతి, పాప పుట్టిన రోజు. మధ్యమధ్యలో అక్కని తిట్టడం మానలేదు. తెర మూలన మాట పడుతోందని చూపే పచ్చగీత ఎగిరిపడుతుంటే చూసి ఆమె ధీమాగా ఉంది.

ఆస్పత్రి హడావుడి తగ్గాక, పదో రోజు రికార్డింగు తెరిచింది. లారీ మోత ఉంది. తన గొంతు ఉంది. వాడిది లేదు. పదకొండు గంటలూ వెతికింది. ఎక్కడా లేదు. ఎగిరిన పచ్చగీత తన గొంతుదే.

కారణం వెతికితే రెండేళ్ల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. తమ్ముడు కన్సోల్ కొన్న రోజు దాన్ని బిగించిపెట్టింది ఆమే. అది వరసగా ప్రశ్నలు అడిగింది. మీ గొంతు ఇతరుల రికార్డింగుల్లో చేరనివ్వాలా అన్నది వాటిలో ఒకటి. "అన్నిటికీ వద్దు అంటే ఏ గొడవా ఉండదు," అని తానే టకటకా నొక్కింది. కంచే చేను మేసిందంటే ఇదే. ఆమె వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది.

తమ్ముడు ఇంటికి వచ్చాక వెళ్లి చెప్పింది. మెడకి గొట్టం, ఒళ్లో పాప, చేతిలో నోటుపుస్తకం.  వాడు రాశాడు: "పెట్టు. చూద్దాం."

"వద్దురా."

వాడు "పెట్టు" అన్న మాట కింద గీత గీశాడు. ఆమె పెట్టింది. తెర మీద లారీ కొండ ఎక్కుతోంది. "సరే సరే, తిప్పుతున్నా," అంది అక్క గొంతు. మళ్లీ మోత. "నిజంగానా? అమ్మకి తెలుసా?"

"ఎవరితో మాట్లాడుతున్నావత్తా?" అంది పాప.

"మీ నాన్నతో."

పాప తల వెనక్కి వంచి నాన్న నోటికేసి చూసింది. "నాన్న మాట్లాడట్లేదుగా."

వాడు పాప తల నిమిరాడు. తెర మీద లారీ ఓ మలుపు దగ్గర ఆగిపోయింది. అక్క గొంతు ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఊపిరాడక దగ్గి, మళ్లీ నవ్వింది. పాప కూడా నవ్వింది.

వాడు నోటుపుస్తకం తెరిచి రాసి, ఆమె వైపు తిప్పాడు: "అక్కడ నేనేమన్నాను?"

ఆమె ఆ మలుపుని గుర్తుపట్టింది. పక్కన ఎర్రబోర్డు, కింద లోయ, అన్నీ గుర్తున్నాయి. వాడి మాట ఒక్కటే గుర్తులేదు.

"తెలీదురా," అంది.