పప్పు లేని పథ్యం

మిర్యాలగూడలో మాది బియ్యం మిల్లు. పెద్దవాడు గోవర్ధన్ దాన్ని చూసుకునేవాడు. నిరుడు వాడి లివర్ గట్టిపడిపోయిందన్నారు. మందు చుక్క ముట్టినవాడు కాదు, షుగరు వల్ల కూడా వస్తుందట. వాడి తమ్ముడు అరవింద్ లివర్‌లోంచి ముక్క తీసి వాడికి పెట్టవచ్చని, కానీ అప్పటిదాకా మనిషి కండబలం పోగొట్టుకోకూడదని సూర్యాపేట డాక్టరు చెప్పాడు. పప్పు, పెరుగు, పన్నీరు బాగా పెట్టమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు. వాడి భార్య దీప కోదాడ పిల్ల, చదువుకున్నది. అన్నీ కాగితం మీద రాసుకొచ్చి చదివి వినిపించింది.

నాకు అందులో ఉప్పు మాట ఒక్కటే నచ్చింది. నా చిన్నతనంలో మా మేనమామకు కామెర్లు వస్తే మా అమ్మ నలభై రోజులు చప్పిడి అన్నం, పల్చటి మజ్జిగ తప్ప ఏదీ పెట్టలేదు. ఆయన లేచి తిరిగాడు. ఆయన తిన్న సొట్ట ఇత్తడి పళ్లెం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అదే పథ్యం నా కొడుక్కీ పెట్టాను. పప్పు గిన్నె వాడి దగ్గరికి రానివ్వలేదు.

రెండు నెలలకు దీప వంటింట్లో నా ఎదుట నిలబడింది.

"అత్తయ్యా, ఆయన వాచీ మోచేతి దాకా జారిపోతుంది. కొంచెం పప్పన్నా పెట్టనివ్వండి."

"మీ కోదాడోళ్లకు నోటికి రుచి గావాలె. నాకు నా కొడుకు పాణం గావాలె" అన్నాను.

ఆమె నోరు మూయించాలని వాడిని మిల్లుకు తీసుకెళ్లి బస్తాల కాంటా ఎక్కించాను. అరవై ఎనిమిది కిలోలు, జబ్బు రాకముందు ఎంతో అంతే. హమాలీ హన్మా వాడిని పట్టుకుని దించుతూ, అన్న రెక్క చేతికి పుల్లలెక్క తగులుతుందని, బరువంతా కడుపులోనే ఉన్నదని మెల్లగా చెప్పాడు. బస్తాలు మోసేవాడివి, నీకేం తెలుసని కసిరాను.

తరువాతి వారం సూర్యాపేటలో వాడి పొట్టలోంచి ఏడు లీటర్ల నీళ్లు తీశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నాడు డాక్టరు. వాడు ఒక్కసారి లేచాడు, రెండోసారికి కూలబడ్డాడు. కండ మొత్తం కరిగిపోయిందని, ఈ ఒంటికి ఆపరేషన్ చేస్తే తట్టుకోలేడని డాక్టరు చెప్పాడు.

గోవర్ధన్ నా వైపు చూసి నవ్వాడు.

"ఇన్నేండ్లు మిల్లు నడిపి, తడి వడ్లు కాంటా ఎక్కించినమే అమ్మా."

ఆ రోజే ముద్దపప్పు వండాను, నెయ్యి వేశాను, నా చేత్తో కలిపాను. రెండు ముద్దలు తిని, కడుపు నిండిందని తల తిప్పుకున్నాడు. మరునాడు ఒకటే ముద్ద. ఇరవై మూడో రోజున పోయాడు. మంచం మీంచి వాడిని హన్మా ఒక్కడే ఎత్తి కింద పడుకోబెట్టాడు.

దీప ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. రెండు పూటలా నాకు అన్నం వడ్డించి, ముందుగా పప్పు వేస్తుంది. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది.